చండీగఢ్ కుర్చీ ఎవరిది?

దేశవిభజనలో లాహోరును కోల్పోయిన పంజాబుకు కొత్త రాజధానిగా చండీగఢ్‌ను నిర్మించినప్పుడు, అక్కడి కార్యాలయాలకు కావలసిన కుర్చీలను లె కొర్బూజియే బంధువూ సహచరుడూ అయిన పియెర్ జాన్నరే 1950వ దశకంలో రూపొందించినాడు. టేకు చట్రం, పేము అల్లిక, తలక్రిందులు చేసిన 'వి' వంటి కాళ్లు. మంచి కుర్చీయే, మేము కాదనము. పేము గుండా గాలి ఆడును గనుక ఎండాకాలంలో గుమాస్తా వీపు తడిసిపోదు. అల్లిక తెగినచో బజారులోని పనివాడే మరల అల్లగలడు.

అయితే కాగితం మీది నమూనా కుర్చీ కాజాలదు. దానిని కుర్చీగా చేసినవారు స్థానిక వర్క్‌షాపులలోని వడ్రంగులు. ఒక చోట చేసిన కుర్చీకీ మరొక చోట చేసిన దానికీ చిన్న చిన్న తేడాలుండుట అందువల్లనే. జాన్నరే పేరు లోకమంతా తెలుసు. ఆ వడ్రంగుల పేర్లెవరికి తెలుసు?

దశాబ్దాల సేవ తరువాత ఆ కుర్చీలను కండెమ్ చేసి తుక్కు క్రింద వేలం వేసినారు. కొన్న వ్యాపారులు వాటిని బాగుచేయించి, పారిస్, న్యూయార్క్ నగరాలలో వేల డాలర్లకు అమ్ముకొన్నారు. వాటి అమ్మకాన్నీ ఎగుమతినీ నిషేధిస్తూ కేంద్ర హోం శాఖ ఆదేశాలిచ్చినది 2011లో! అప్పటికే ఎన్నో సముద్రాలు దాటినవి. కుర్చీ వెనుక రంగుతో వేసిన ఆఫీసు నంబరే నేడు కొనుగోలుదారుకు అసలైన సరుకని చెప్పే సాక్ష్యం. స్టాకు రిజిస్టరు కోసం ఏ చిరుద్యోగి చేతనో వేయించిన నంబరది!

"ఉద్యోగులకు దాని విలువ తెలియలేదు" అని కొందరు పెద్దలు సెలవిస్తున్నారు. ఈ మాటను మేము తీవ్రంగా ఖండిస్తున్నాము. కండెమ్ చేయు కాగితం మీద సంతకం పెట్టినది గుమాస్తా కాదు. విరిగిన కుర్చీని మేడమీదికి మోసుకుపోయిన ప్యూను అంతకంటే కాదు. వారిని అడిగిన నాథుడు లేడు.

మనలను మాత్రం ఎవరు అడుగుతున్నారు? మాకు తెలిసిన ఒక కార్యాలయంలో కొత్త కుర్చీలు వచ్చినవి. కౌంటరు ఎత్తు, కుర్చీ పొట్టి. పాత లెడ్జర్లు పేర్చుకొని వాటిపై కూర్చొని మన సోదరి టిక్కెట్లిచ్చినది. టెండరులో ధర ఉన్నది, రంగు ఉన్నది. కూర్చునే మనిషి లేడు.

కనుక మా కోరిక ఇది: ఆర్డరుకు ముందు నమూనా కుర్చీని నెలరోజులు కౌంటరు వద్ద ఉంచవలెను, దానిలో కూర్చొని పనిచేసినవారి అభిప్రాయాన్ని వ్రాతపూర్వకంగా తీసుకొని టెండరు ఫైలులో చేర్చవలెను. బ్రాంచి కార్యదర్శులు రానున్న సమావేశపు అజెండాలో ఈ అంశాన్ని పెట్టించవలసినదిగా కోరుచున్నాము.