ఓడినందుకేనా కోచ్‌పై కోపం?

అమెరికాలో ఆకురాలు కాలం మొదలయ్యిందంటే శనివారాలన్నీ కాలేజీ ఫుట్‌బాల్‌వే. మనం ఫుట్‌బాల్ అని పిలిచే ఆట కాదది. కోడిగుడ్డు ఆకారపు బంతిని చేతపట్టుకొని, శిరస్త్రాణాలు, భుజకవచాలు ధరించిన యువకులు ఒకరినొకరు ఢీకొంటూ గజం గజం ముందుకు సాగే ఆట. మనకు క్రికెట్ ఎంతో వారికి అది అంత. మిషిగన్ విశ్వవిద్యాలయపు మైదానం ఒక్కదానిలోనే లక్షా ఏడు వేల మందికి పైగా కూర్చోవచ్చునంటే ఆ వెర్రి ఎంతటిదో ఊహించుకోండి. అక్కడ చదువుతున్న మన పిల్లలు, వారిని చూడబోయిన తల్లిదండ్రులు కూడా ఒకటి రెండు శనివారాలు గడిచేసరికి ఏదో ఒక జట్టు రంగు చొక్కా తొడుక్కొని తిరిగివస్తారు.

నేనూ ఆ వెర్రి తగులుకున్నవాడినే. నా జట్టు పేరు మాత్రం ఇక్కడ చెప్పను. చెబితే పాఠకులలో సగం మంది ఈ వాక్యం దగ్గరే ఆగిపోగలరు.

ఈ ఆటలో ఓటమికి అభిమాని వెతికే మొదటి దోషి కోచ్. మన భాషలో కోచింగ్ అనగానే ఎంసెట్ గుర్తుకు వస్తుంది కాని, అక్కడ కోచ్ అంటే సేనాపతి. ఎవరు ఆడాలో, ఎవరు కూర్చోవాలో, బంతి విసరాలో పరుగెత్తాలో నిర్ణయించేది అతడే. అందుచేత జట్టు వరుసగా మూడు ఆటలు ఓడితే చాలు, అతడిని సాగనంపాలన్న కేకలు మొదలవుతాయి. ఈ కేకలకు ఎంత బలముందో టెక్సాస్ ఎ అండ్ ఎం విశ్వవిద్యాలయం 2023 నవంబరులో చూపించింది. జింబో ఫిషర్ అనే కోచ్‌ను ఒప్పందం ముగియకముందే పంపివేయడానికి ఏడున్నర కోట్ల డాలర్లకు పైగా చెల్లించడానికి సిద్ధపడింది. పని మానిపించడానికి ఇచ్చే సొమ్ము అది! చేయించుకోవడానికి ఇచ్చేది వేరు.

ఇంతటి బలమున్న కోపం ఎప్పుడు పుడుతున్నది? జట్టు ఓడినప్పుడు. ఆటగాడి శరీరం చెడినప్పుడు ఎందుకు పుట్టదు? వైద్యుడిగా నా ఫిర్యాదు అభిమానులపై ఇదే. కోచ్‌లపై ఫిర్యాదుకు తరువాత వస్తాను.

కోపం సరైన చోట పుట్టిన సందర్భం ఒకటి ఉంది. అది 2014 సెప్టెంబరు 27. మిషిగన్ జట్టు సొంత మైదానంలో మినెసోటాతో ఆడుతున్నది. మిషిగన్ తరఫున బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ షేన్ మోరిస్ అప్పటికే కుంటుతున్నాడు. నాలుగో భాగంలో ప్రత్యర్థి ఒకడు పరుగున వచ్చి శిరస్త్రాణంతో అతడి గడ్డానికి తగిలేలా ఢీకొన్నాడు. మోరిస్ లేచి, తూలి, పడిపోకుండా తోటి ఆటగాడి మీద ఆనుకున్నాడు. స్టేడియంలోని లక్షమంది, టీవీల ముందున్న ఇంకెందరో ఆ తూలడం చూశారు. అయినా అతడిని వెంటనే బయటికి పిలవలేదు. తరువాతి బంతి కూడా అతడే విసిరాడు. ప్రేక్షకులు ఈలలతో, అరుపులతో నిరసన తెలిపారు. ఆ పిమ్మట బయటికి వచ్చినవాడు, బదులుగా దిగిన ఆటగాడి శిరస్త్రాణం ఊడిపోవడంతో నియమం ప్రకారం అతడు ఒక ఆట బయట ఉండవలసి రాగా, మళ్ళీ లోపలికి వెళ్ళాడు.

కోచ్ బ్రేడీ హోక్ ఆ తూలడం తాను చూడలేదన్నాడు. రెండు రోజుల తరువాత అర్ధరాత్రి దాటిన వేళ, ఆటగాడికి స్వల్ప కంకషన్ జరిగి ఉండవచ్చునని విశ్వవిద్యాలయ క్రీడా విభాగం ప్రకటించింది. విద్యార్థులు ఊరేగింపుగా విశ్వవిద్యాలయ అధ్యక్షుడి ఇంటి ముందుకు వెళ్ళారు. క్రీడా విభాగాధిపతి అక్టోబరు చివరి రోజున రాజీనామా చేశాడు. మరి కోచ్? సీజన్ 5 విజయాలు, 7 ఓటములతో ముగిసి, ఒహాయో స్టేట్ చేతిలో చివరి ఆట ఓడిన మూడు రోజులకు తొలగించారు. ఆ 5, 7 అంకెలు తారుమారై ఉంటే ఏమయ్యేదో పాఠకులే ఆలోచించండి.

కంకషన్ అంటే పుర్రె లోపల మెదడు కుదుపుకు గురై, దాని పని కొంతసేపు గాడి తప్పడం. స్కానింగులో ఏమీ కనిపించకపోవచ్చు. స్పృహ తప్పనవసరం కూడా లేదు. తూలడం, తికమకపడటం, అడిగిందే అడగటం, వెలుతురు భరించలేకపోవడం, వాంతి రావడం చాలు. ఆ స్థితిలో ఉన్న మెదడుకు రెండో దెబ్బ తగిలితే, అరుదుగానైనా, మెదడు ఒక్కసారిగా వాచి ప్రాణం పోయే ప్రమాదముంది. ఇది ముఖ్యంగా చిన్న వయసువారిలోనే కనిపిస్తుంది. అందుకే అనుమానం వచ్చిన ఆ రోజు మళ్ళీ ఆడనివ్వరాదన్నది నియమం. ఇందులో పెద్ద శాస్త్రమేమీ లేదు. చూసే కన్ను కావాలి. ఆ కన్ను గెలుపు మీద ఉన్నవాడిది కాకూడదు. మరుసటి ఏడాది నుండి, మిషిగన్ ఆడే బిగ్ టెన్ కూటమి పోటీలలో, ఏ జట్టుకూ చెందని ఒక పరిశీలకుడిని పైన గదిలో కూర్చోబెట్టి, దెబ్బతిన్న ఆటగాడిని బయటికి రప్పించే ఏర్పాటు చేసింది. కోచ్‌కు కనిపించకపోయినా ఇబ్బంది లేకుండా చేయడం ఇలాగే.

మైదానంలో జరిగేది కనీసం లక్షమంది చూస్తారు. సాధన సమయంలో జరిగేది ఎవరూ చూడరు. అసలు ప్రమాదం అక్కడే పొంచి ఉంటుంది.

2018 మే 29న మేరీలాండ్ విశ్వవిద్యాలయ జట్టు సాధనలో ఆటగాళ్ళను 110 గజాల పరుగు పదిసార్లు తీయించారు. జోర్డన్ మెక్‌నేర్ అనే 19 ఏళ్ళ యువకుడు, భారీకాయుడు, మధ్యలోనే అలసిపోయి నిలబడలేని స్థితికి చేరుకున్నాడు. అది వడదెబ్బ. అతడి శరీర ఉష్ణోగ్రత అక్కడ ఎవరూ కొలవలేదు. మంచునీటి తొట్టిలో ముంచలేదు. లక్షణాలు కనిపించిన తరువాత గంట దాటాకనే 911కు ఫోన్ వెళ్ళింది. కాలేయం దెబ్బతిని, మార్పిడి శస్త్రచికిత్స చేసినా, జూన్ 13న ఆ బిడ్డ మరణించాడు. విశ్వవిద్యాలయం నియమించిన నిపుణుడి విచారణలో తేలిన విషయాలే ఇవి. అధ్యక్షుడు వాలెస్ లో ఆగస్టులో తల్లిదండ్రులను కలిసి, చట్టపరంగానూ నైతికంగానూ బాధ్యత విశ్వవిద్యాలయానిదేనని ఒప్పుకున్నాడు.

ఇక్కడ కొంచెం ఆగి వడదెబ్బ గురించి చెప్పాలి. మన ఊళ్ళలో మే నెలలో పొలంలోనో బస్టాండులోనో కూలిపోయే వృద్ధుల వడదెబ్బ మనకు తెలుసు. అందులో చర్మం పొడిగా, వేడిగా ఉంటుంది. పరుగెత్తే యువకుడికి వచ్చే వడదెబ్బ వేరు. అతడికి చెమట ధారగా కారుతూ ఉండవచ్చు, వాతావరణం మరీ వేడిగా ఉండనక్కరలేదు కూడా. కండరాలే పొయ్యిలా మండి లోపలి వేడిని పెంచుతాయి. 40 డిగ్రీల సెల్సియస్ దాటి, మాట తడబడటం, చిరాకు, తూలడం మొదలైతే నిమిషాలు లెక్కించవలసిందే. నుదుటి మీద, చంకలో పెట్టే థర్మామీటర్లు ఇక్కడ అబద్ధం చెబుతాయి, మలద్వారం ద్వారా కొలిచినదే నమ్మదగినది. చికిత్స మెడ వరకు మంచునీటిలో ముంచడం, నీటిని కలియబెడుతూ ఉండటం. ముందు చల్లబరచాలి, తరువాతే ఆసుపత్రికి తరలించాలి. పారసిటమాల్ ఇందులో పనిచేయదు. మసాచుసెట్స్‌లోని ఫాల్మౌత్ పరుగు పందెంలో 18 ఏళ్ళలో ఇలాంటి వడదెబ్బ తగిలిన 274 మందికి అక్కడికక్కడే ఈ చికిత్స చేశారు. ఒక్కరూ మరణించలేదు. క్యాన్సరుకు, గుండెజబ్బుకు మనం ఇలాంటి మాట అనలేము. ఒక తొట్టి, కొంత నీరు, కొన్ని సంచుల మంచు. కోట్ల డాలర్లు వెచ్చించే జట్టు దగ్గర ఆ మంచు సమయానికి వాడకపోవడాన్ని దురదృష్టం అని ఎలా అంటాం?

మేరీలాండ్ కథ అక్కడితో ముగియలేదు. ఆటగాళ్ళు భయంతో నోరు మెదపలేని వాతావరణంలో సమస్యలు పేరుకుపోయాయని విచారణ సంఘం చెప్పింది. అయినా అక్టోబరు 30న పాలకమండలి కోచ్ డి.జె. డర్కిన్‌ను కొనసాగించాలని నిర్ణయించింది. అప్పుడు విద్యార్థులు, ఆటగాళ్ళు, రాష్ట్ర నాయకులు గొంతెత్తారు. మరునాడే అధ్యక్షుడు అతడిని తొలగించాడు. ఒక్క రోజు! కోపం సరైన చోట పుడితే ఒక్క రోజు చాలునన్నమాట. పుట్టడానికి మాత్రం ఒక ప్రాణం పోయి నాలుగున్నర నెలలు గడవవలసి వచ్చింది.

ఇప్పుడు కోచ్‌ల సంగతి. వారి సమర్థన ఎప్పుడూ ఒకటే: కఠినత్వం లేనిదే విజేతలు తయారు కారు. ఈ నమ్మకానికి 1954 నాటి ఒక పురాణం ఆధారం. టెక్సాస్ ఎ అండ్ ఎం కోచ్ బేర్ బ్రయంట్ తన ఆటగాళ్ళను జంక్షన్ అనే చిన్న ఊరికి తీసుకువెళ్ళి, కరవుతో మాడిపోతున్న నేల మీద, మంచినీళ్ళు తాగనివ్వకుండా పది రోజులు సాధన చేయించాడు. వెళ్ళినవారిలో అత్యధికులు పారిపోయారు. మిగిలినవారిలో ఒకరికి వడదెబ్బ తగిలి ప్రాణం మీదికి వచ్చింది. మిగిలిన కొద్దిమందిని వీరులుగా కీర్తిస్తూ పుస్తకం, సినిమా వచ్చాయి. ఆ ఏడాది ఆ జట్టు ఆడిన 10 ఆటలలో గెలిచింది ఎన్ని? ఒకటి. రెండేళ్ళ తరువాత వారు తమ కూటమి పోటీలలో అగ్రస్థానం పొందినమాట నిజమే, ఆ విజయానికి కారణం దప్పిక అని మాత్రం ఏ శరీరధర్మశాస్త్రమూ ఒప్పుకోదు. నీరు తగ్గిన శరీరంలో రక్త పరిమాణం తగ్గుతుంది, గుండె వేగం పెరుగుతుంది, చెమట తగ్గి వేడి లోపలే నిలుస్తుంది. శక్తి తగ్గడమే తప్ప పెరగడమనే ప్రశ్నే లేదు.

ఆ పురాణం వారసులు ఇప్పటికీ ఉన్నారు. 2011 జనవరిలో, సెలవుల తరువాత తిరిగి వచ్చిన అయోవా విశ్వవిద్యాలయ ఆటగాళ్ళ చేత మోయలేనన్ని గుంజీళ్ళు బరువులతో తీయించగా 13 మంది ఆసుపత్రి పాలయ్యారు. 2017 జనవరిలో ఆరెగాన్‌లో ముగ్గురు. జబ్బు రాబ్డోమయోలిసిస్. అలవాటు తప్పిన కండరాలను ఒక్కసారిగా హింసిస్తే వాటి కణాలు పగిలి, లోపలి మయోగ్లోబిన్ రక్తంలో కలిసి మూత్రపిండాలను అడ్డగిస్తుంది. మూత్రం కోలా రంగులోకి మారుతుంది. జనవరి ఒకటిన జిమ్‌లో చేరి, మొదటి రోజే ట్రైనరు మెప్పు కోసం వందల గుంజీళ్ళు తీసే మన కుర్రవాళ్ళకూ ఇది రావచ్చు. మూత్రం నల్లబడితే కొబ్బరినీళ్ళు తాగి పడుకోకండి, వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి.

నియమాలు లేవా అంటే ఉన్నాయి. 2016లోనే అక్కడి పెద్ద కూటములు, ఆటగాడి వైద్యం విషయంలో జట్టు వైద్యుడిదీ అథ్లెటిక్ ట్రైనరుదీ తుది మాట, కోచ్ దానిని కాదనరాదని శాసనం చేశాయి. మెక్‌నేర్ మరణం దాని తరువాతిదే. కాగితం మీద అధికారం ఉన్నా, ఎవరి మాట మీద ఉద్యోగం ఆధారపడి ఉంటుందో వారికి ఎదురు చెప్పడం మానవమాత్రుడికి కష్టం. ఆసుపత్రులలో యజమాని ముందు నీళ్ళు నమిలే వైద్యులను నలభై ఏళ్ళు చూసినవాడిని, ఆ కష్టం నాకు కొత్త కాదు. కనుక ట్రైనరు, జట్టు వైద్యుడు క్రీడా విభాగం జీతగాళ్ళుగా కాక, విశ్వవిద్యాలయ వైద్య విభాగం కింద ఉండాలి. స్ట్రెంత్ కోచ్‌ను ప్రధాన కోచ్ తన వెంట తెచ్చుకొని, తన వెంట తీసుకుపోయే పద్ధతి మారాలి.

ఇక మీ వంతు. మీ అబ్బాయో అమ్మాయో అక్కడ చదువుతూ ఉంటే, వారి ఫీజుల రూపంలో ఆ జట్టుపై మీకూ కొంత మాట ఉన్నట్టే. ఓడిన రాత్రి ఎలాగూ నలుగురూ కోచ్‌ను తిడతారు, అందులో మీ గొంతు కలవకపోయినా లోటు లేదు. సీజన్‌కు ముందు, ఆగస్టు ఎండలో సాధన మొదలయ్యే వారంలో విశ్వవిద్యాలయానికి ఉత్తరం రాయించండి. సాధన మైదానంలో మంచునీటి తొట్టి నింపి సిద్ధంగా ఉన్నదా? ట్రైనరు ఆటగాడిని ఆపితే కోచ్ మళ్ళీ దింపగలడా? ట్రైనరు జీతం ఎవరి చేతిలో ఉంది? ఈ మూడింటికీ జవాబు రాతపూర్వకంగా అడగండి.

పిల్లలు ఇక్కడే ఉన్నవారు, మే నెలలో వేసవి క్రీడా శిబిరంలో చేర్పించేటప్పుడు మొదటి రెండు ప్రశ్నలు అక్కడి పి.ఇ.టి. మాస్టారును అడగవచ్చు. ఆయన నవ్వితే నవ్వనీయండి. తొట్టి లేకపోతే పెద్ద ప్లాస్టిక్ డ్రమ్ము, బోరు నీటి గొట్టం, తడి తువ్వాళ్ళు, పక్క వీధి ఐసు దుకాణం ఫోన్ నంబరు ఉన్నా చాలు. శిబిరం మొదటి రోజు ఉదయం మీరు వెళ్ళి ఆ డ్రమ్ములో నీళ్ళున్నాయో లేవో చూసి రండి.