బడి గేటు మూస్తే ఖైనీ మానతాడా?

తొమ్మిదో తరగతి పిల్లోడు. మాదిగపల్లె నుంచి వచ్చేవాడు. జేబులో ఖైనీ పొట్లం దొరికింది. ప్రార్థన దగ్గర అందరి ముందూ నిలబెట్టి, పది రోజులు బడికి రావద్దని పంపించేశారు. పది రోజులు అయిపోయినాయి, పిల్లోడు రాలేదు. పదకొండో రోజు వాళ్ళమ్మతో కలిసి గుంటూరు వైపు మిరపకాయ కోతలకు లారీ ఎక్కాడు. ఆ కాగితం మీద సంతకాలు పెట్టిన అయ్యవార్లలో నేనూ ఒకణ్ణి. అందుకే ఈసారి సంపాదకీయం దీనిమీదే రాయాల్సొచ్చింది.

ఖైనీ మంచిదని ఎవరూ అనడం లేదు. నోటిని తినేస్తుంది, కేన్సరు తెస్తుంది. చిన్న వయసులో పట్టుకున్న నికోటిన్ పెద్దయ్యాక ఒక పట్టాన వదలదు. ట్రైనింగు రోజుల్లో బీడీ మొదలుపెట్టి, మానడానికి పదేళ్ళు తన్నుకులాడినోణ్ణి, నాకు తెలుసు. మానాల్సిందే. బడి నుంచి వెళ్ళగొడితే మానతాడా అన్నదే ప్రశ్న. బడిలో ఉన్నంతసేపన్నా అయ్యవార్ల భయానికి నోట్లో పెట్టకుండా ఉండేవాడు. ఇప్పుడు పొద్దున లేచింది మొదలు కూలి ముఠాలోనే ఉంటాడు. అక్కడ పొట్లం అడిగేదెవరు, ఆపేదెవరు?

పొగాకు ఈ పిల్లలకు కొత్తది కాదు. పొదిలిలో, కనిగిరిలో పొగాకు బోర్డు దగ్గరుండి వేలం వేయిస్తుంది. ఆ వర్జీనియా ఆకు సిగరెట్లకు, ఎగుమతులకు పోతుంది. ఖైనీ ఆకు వేరు. అయినా రెండిట్లోనూ ఉన్నది ఒకటే నికోటిన్. రెలుపులకు పోయిన మన ఆడవాళ్ళ చేతులు చూడండి. నల్లటి జిగురు ఎంత తోమినా పోదు, అన్నం ముద్ద చేదెక్కుతుంది. తడి ఆకు పట్టుకుంటే నికోటిన్ చర్మంలోంచి ఒంట్లోకి దిగి తల తిరుగుతుంది, వాంతులవుతాయి. అదొక జబ్బని డాక్టర్లు పేరుపెట్టి మరీ రాశారు. పండించడం దేశానికి ఆదాయం, అమ్మడం వ్యాపారం, పదిహేనేళ్ళ పిల్లోడి జేబులో దొరికితే మాత్రం నేరం!

ఆ నేరానికైనా చట్టం ఏం చెప్తోంది? 2003 పొగాకు నియంత్రణ చట్టం ఆరో సెక్షను ప్రకారం పద్దెనిమిదేళ్ళలోపు వాళ్ళకు అమ్మకూడదు. బడి ప్రహరీ గోడ నుంచి వంద గజాల లోపల అసలే అమ్మకూడదు. 2015 బాల న్యాయ చట్టం 77వ సెక్షను ఇంకా గట్టిది. పిల్లలకు పొగాకు ఇచ్చినోడికి ఏడేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా. చట్టం వేలు చూపించేది అమ్మినోడి వైపు. మన బళ్ళలో శిక్ష పడేది కొన్న పిల్లోడికి. గేటు ఎదుట బంకు అట్టాగే ఉంటుంది. దాని వెనక ఊళ్ళో ఎవరి అండ ఉందో అందరికీ తెలుసు.

ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. ఊరి పిల్లోడు దొరికితే నాయన్ని పిలిపిస్తారు, కుర్చీ వేస్తారు, టీ తెప్పిస్తారు, 'కొంచెం చూసుకోండి' అంటారు. పల్లె పిల్లోడు దొరికితే 'వీళ్ళంతే' అంటారు. నా ఇరవై ఏళ్ళ కొలువులో చూసిందే రాస్తున్నా. అమెరికాలోనూ ఇదే లెక్క. అక్కడి ప్రభుత్వం 2017-18కి వేసిన లెక్కల్లో బడి పిల్లల్లో నల్లవాళ్ళు నూటికి 15 మంది, సస్పెండై ఇంటికి పోయిన వాళ్ళల్లో 38 మంది. అక్కడ ఊపిరితిత్తుల సంఘం వాళ్ళు సస్పెన్షనుకు బదులు నాలుగు పాఠాలు పెట్టారు. ఒక్కోటి గంట లోపే. నికోటిన్ ఏం చేస్తుంది, నీకెప్పుడు కావాలనిపిస్తుంది, ఆ సమయంలో ఏం చెయ్యొచ్చు... ఇంతే. ఇదేమన్నా మనకు చేతకానిదా?

మేం సాయంత్రం బడి వదిలాక ముగ్గురు పిల్లల్ని కూచోబెట్టి మాట్లాడాం. తిట్టలేదు, పేర్లు బయటపెట్టలేదు. ఎప్పుడు వేసుకుంటావురా అంటే ఒకడన్నాడు, "ఆకలైనప్పుడు సార్. అది పెట్టుకుంటే ఆకలి తెలవదు." తెల్లారుజామునే పనికి పోయి, ఉత్త కడుపుతో బడికొచ్చే పిల్లోడు వాడు. వాడికి సస్పెన్షను ఏం నేర్పుతుంది? మానాలనుకునే వాళ్ళకు 1800 11 2356 అని కేంద్ర ప్రభుత్వ ఫోను ఉంది, డబ్బులు పడవు. ఆ నంబరు బడి గోడ మీద రాయడానికి సుద్దముక్క చాలు.

2009 విద్యాహక్కు చట్టం ఎనిమిదో తరగతి అయ్యేదాకా ఏ పిల్లోణ్ణీ బడి నుంచి తీసెయ్యకూడదంది. కంచె అక్కడితో ఆగిపోయింది. తొమ్మిదీ పదిలో ఖైనీతో దొరికిన పిల్లోడికి ఆ కంచె లేదు. పది రోజులు పంపితే తీసేసినట్టు కాదుగదా అంటారు మా సార్లు. కూలి ఇంట్లో పది రోజులు ఊరికే కూచునే పిల్లోడు ఉంటాడా? 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు బాలకార్మికుల మీద తీర్పిస్తూ పేరుపెట్టి చెప్పిన పరిశ్రమల్లో మన మార్కాపురం పలకల పని ఒకటి. దేశానికి పలకలిచ్చిన ఊళ్ళో పలక పట్టాల్సిన పిల్లలు రాళ్ళు చీల్చారు. పిల్లోణ్ణి బడి బయటికి నెట్టడమంటే ఏమిటో ఈ ప్రాంతానికి వేరే చెప్పాలా?

మనలోనూ తప్పుంది. బీడీ కట్టకు పిల్లోణ్ణే బంకుకు పంపేది మనం. పెళ్ళిలో పళ్ళెంలో సిగరెట్లు పెట్టేదీ మనమే. అది మనం మానకుండా అయ్యవార్లను అడిగితే నోరు లేవదు.

బడి కమిటీల్లో మనోళ్ళు ఉన్నారు, సగం మంది ఆడవాళ్ళు ఉండాలని చట్టమే చెప్పింది. సంతకం పెట్టి రావడం కాదు, ఈసారి మీటింగులో నోరు తెరవండి. పొగాకు పేరుతో ఎవర్నీ ఇంటికి పంపకుండా తీర్మానం రాయించండి. తల్లిని పిలవాలంటే కూలి పోకుండా సాయంత్రం పిలవమనండి. తాడు ఒకటి పట్టుకుపోయి ప్రహరీ నుంచి వంద గజాలు కొలవండి, ఎస్సైని కూడా రమ్మనండి.

ఆ పిల్లోడి పేరు ఇంకా రిజిస్టరులో ఉంది, నేనే కొట్టెయ్యనివ్వలేదు. ఈ ఆదివారం మేమిద్దరం కోతల కాడికి పోతున్నాం. వాళ్ళమ్మతో మాట్లాడాలి. ముందు వాడితో, సంతకం పెట్టింది నేనేనని చెప్పాలి.