మెత్తటి గోడ... మార్ష్‌మాలన్!

ఎదురుగా రెక్కలు విప్పుకుని 'బ్లూ ఐస్ వైట్ డ్రాగన్' నిలబడి ఉంది. దాడి బలం 3,000. ఇటువైపు ఉన్నది ఒకే ఒక్క కార్డు... అదీ బోర్లా, అడ్డంగా! డ్రాగన్ దూకింది. కార్డు తిరగబడింది. చూస్తే, మిఠాయి ముద్దలాంటి ఓ జీవి! దాని దాడి బలం 300, రక్షణ బలం 500. అంతటి డ్రాగన్ కొట్టినా అది చావలేదు సరికదా, కొట్టినవాడి ఖాతాలోంచే వెయ్యి పాయింట్లు ఎగిరిపోయాయి.

ఆ జీవి పేరు మార్ష్‌మాలన్. ఆట పేరు 'యు-గి-ఓ మాస్టర్ డ్యుయెల్'. సెలవురోజు ఫోన్ పట్టుకుని పిల్లలు ఒక్కసారిగా కేరింత కొట్టారంటే కారణం ఇలాంటిదే కావచ్చు.

జపాన్‌కి చెందిన కజుకి తకహషి 1996లో ఓ వారపత్రికలో మొదలుపెట్టిన బొమ్మల కథ 'యు-గి-ఓ'. అందులోని కార్డుల ఆటని కొనామి సంస్థ 1999లో నిజం కార్డులుగా అచ్చువేసింది. దాన్నే తెరమీద ఉచితంగా ఆడుకునేలా చేసిన మాస్టర్ డ్యుయెల్ 2022 జనవరిలో వచ్చింది. తకహషి అదే ఏడాది జులైలో కన్నుమూశారు.

లెక్క సులువే. ఇద్దరికీ చెరో 8,000 లైఫ్ పాయింట్లు. ముందు ఎవరివి అయిపోతే వాళ్లు ఓడినట్టు. మాన్‌స్టర్ కార్డుని నిలువుగా పెడితే దాడికి, అడ్డంగా పెడితే రక్షణకి. నిలువుగా ఉన్నది తనకంటే బలమైనదాని చేతిలో దెబ్బతింటే ఆ తేడా అంతా యజమాని పాయింట్లలోంచి పోతుంది. అడ్డంగా ఉంటే కార్డు పోయినా పాయింట్లు పోవు. కొత్తగా ఆడేవాళ్లు తికమకపడేది ఇక్కడే. మార్ష్‌మాలన్ యుద్ధంలో చావదని చదవగానే ఉత్సాహంగా నిలువుగా దించేస్తారు. అది చావదు, నిజమే. కానీ డ్రాగన్ కొట్టిన ప్రతిసారీ మూడు వేలలోంచి 300 పోగా మిగతా 2,700 మన ఖాతాలోంచి పోతాయి. మూడు దెబ్బలకి 8,100... ఆట అయిపోయినట్టే! పైగా ముఖం చూపించేశాక ఆ వెయ్యి పాయింట్ల వాత కూడా ఉండదు. దెబ్బ తగిలే సమయానికి కార్డు బోర్లా ఉంటేనే ఆ వాత పడుతుంది. అందుకే దీన్ని ఎప్పుడూ బోర్లా, అడ్డంగానే పెట్టాలి.

పులిజూదం ఆడినవాళ్లకి ఈ కిటుకు కొత్తేమీ కాదు. అందులో మేక పులిని చంపలేదు. చేయగలిగిందల్లా దారికి అడ్డంగా కూర్చోవడమే. అయినా పులులు కట్టుబడిపోతాయి. మార్ష్‌మాలన్ పనీ అంతే. మన వైపు అదొక్కటే ఉన్నా, నేరుగా మనల్ని కొట్టే ప్రత్యేక శక్తి లేని ప్రత్యర్థి ముందు దాన్నే కొట్టాలి. మూడు డ్రాగన్లున్నా ఇదే తీరు. ఒకటి వాత పెట్టించుకుంటుంది, మిగతా రెండూ చేతులు కట్టుకుని నిలబడతాయి.

రక్షణకి బలం ఎక్కువున్న కార్డు మేలు కదా అనిపించొచ్చు. 'బిగ్ షీల్డ్ గార్డ్‌నా'నే తీసుకోండి. రక్షణ బలం 2,600! కానీ ఎవరైనా కొట్టగానే అది డాలు దించి నిలువుగా మారిపోతుంది. అప్పుడు దాని దాడి బలం వంద. 2,000 బలమున్న రెండోవాడు వచ్చి కొడితే కార్డూ పోయె, 1,900 పాయింట్లూ పోయె. గోడ ఎత్తు ఒక్కటే చూసుకుంటే ఇలాగే ఉంటుంది మరి!

అలాగని మార్ష్‌మాలన్‌ని పెట్టి ఊరికే కూర్చుంటే లాభం లేదు. అది కొనిపెట్టేది సమయం మాత్రమే. ఆ సమయంలో ఏం చేశామన్నదే అసలు ఆట. అయిదారు లెవెల్ మాన్‌స్టర్‌ని దించాలంటే సొంత కార్డు ఒకటి బలివ్వాలి, ఏడూ ఆపైన అయితే రెండు. ప్రత్యర్థి వంతు గడిచాక కూడా బతికున్న మార్ష్‌మాలన్ అప్పుడు చేతిలో ఉన్న పెట్టుబడి. గెలిచేవాళ్లు దాని మీద మమకారం పెంచుకోరు, సమయం రాగానే బలిచ్చేసి పెద్దదాన్ని దించుతారు.

'బుక్ ఆఫ్ మూన్' అనే మంత్రం కార్డు తోడైతే ఇంకా సరదా. ముఖం కనిపిస్తున్న మాన్‌స్టర్‌ని ఇది బోర్లా పడుకోబెడుతుంది. అవతలివాడు తెగించి మార్ష్‌మాలన్ మీద దాడి ప్రకటించగానే ఈ మంత్రం తీస్తే అది మళ్లీ బోర్లా... మళ్లీ వెయ్యి వాత! లేదంటే దూకుతున్న డ్రాగన్నే పడుకోబెట్టి దాడి ఆపొచ్చు. లింక్ మాన్‌స్టర్ల మీద మాత్రం ఇది పనిచేయదు. వాటికి బోర్లా పడుకోవడం ఉండదు.

ఇంతకీ ఈ మిఠాయికి చావే లేదా? లేకేం! 'యుద్ధంలో' అన్న ఒక్క మాటలోనే ఉంది కిటుకంతా. 'రైగెకి', 'డార్క్ హోల్' లాంటి మంత్రాలు యుద్ధంతో పనిలేకుండానే ఊడ్చేస్తాయి. రక్షణని చీల్చుకుని దెబ్బ వేసే మాన్‌స్టర్ల ముందు దాని 500 ఏపాటి? 3,000 బలమున్నది కొడితే 2,500 మనకి తగులుతుంది. 'కైజూ'లైతే మరీ ఘోరం... మన మార్ష్‌మాలన్‌ని బలిచ్చి మన వైపే వచ్చి కూర్చుంటాయి! ఆరితేరినవాళ్లు ఆడే పైమెట్లలో ఇలాంటి ఆయుధాలు లేని డెక్ అరుదు. అక్కడ ఈ గోడని నమ్ముకోవడం దండగ. యంత్రంతో ఒంటరిగా ఆడేటప్పుడూ, కింది మెట్లలోనూ మాత్రం బాగా పనికొస్తుంది.

ఇక ఎన్ని పెట్టుకోవాలి? 40 కార్డుల డెక్‌లో ఒక్కటే ఉంటే మొదట చేతికొచ్చే అయిదింటిలో అది ఉండే అవకాశం 12.5 శాతం. మూడు పెడితే దాదాపు 34 శాతం, అంటే మూడు ఆటలకి ఒకసారి. కానీ మూడూ ఒకేసారి చేతికొస్తే ముగ్గురు కాపలావాళ్లే తప్ప కొట్టేవాడుండడు. ఒకటో రెండో సరిపోతాయి.

దీనికోసం అమ్మానాన్నల జేబు తడమక్కర్లేదు. ప్యాకెట్లు కొనడానికి కావలసిన జెమ్స్ ఆడుతుంటే కొన్ని వస్తాయి. కోరిన కార్డే కావాలంటే ప్యాకెట్ల జోలికే పోనక్కర్లేదు. అదే తరగతివి, వాడకుండా పడి ఉన్న కార్డులు మూడింటిని విడగొడితే ఒక్కోదానికి పది చొప్పున 30 పాయింట్లు వస్తాయి. ఒక కార్డు తయారీకి కావలసింది సరిగ్గా అంతే. కాకపోతే, ఆట మొదట్లో ఉచితంగా ఇచ్చే కార్డుల్లో కొన్నింటిని విడగొట్టనివ్వరు. ఆ సంగతి చూసుకుని మొదలుపెట్టాలి.