చార్మినార్ సెట్టేసిండ్రు, మాట మరిచిండ్రు

మేము సినిమా పండితులం కాము. ఏ షాట్ ఎక్కడ కట్ చేయాలెనో, కెమెరా ఎక్కడ పెట్టాలెనో మాకు తెల్వదు. తీరిక దొరికిననాడు టికెట్ కొనుక్కొని, ఇప్పుడైతే ఇంట్ల టీవీ ముందు కూసొని, దొరికిన సినిమా చూసేటోళ్లం. పాతవి కొత్తవి, మంచివి చెత్తవి, వరుస లేకుండ చూసినం. అయితే ఒక్క సంగతి మాత్రం మొదటి నుంచి లెక్క పెట్టుకుంట వచ్చినం. తెర మీద మన మాట ఎవని నోట్లె పెడుతున్నరు? ఏడిపించెటోనికా, నవ్వించెటోనికా, మనసిచ్చెటోనికా? ఈ లెక్కతోని చూస్తే జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్‌ల చరిత్ర మరోతీరుగ కనిపిస్తది.

1985ల 'ప్రతిఘటన' వచ్చింది. టి. కృష్ణ తీసిన సినిమా. మంచి సినిమానే, గుండె మండించిన సినిమా. పాఠం చెప్పే లెక్చరరమ్మ విజయశాంతిది పుస్తకంల తెలుగు. రాజకీయ నాయకుడు కాశయ్యది తెలంగాణ తెలుగు. ఆ వేషం కట్టిన కోట శ్రీనివాసరావుది కృష్ణా జిల్లా కంకిపాడు. 2025 జులైల చనిపోయిండు. ఆయన మీద మాకు తగాదా లేదు. మన పలుకును చెవులు రిక్కించి విని నేర్చుకున్న నటుడు ఆయన. మన పిల్లలు కూడ ఈలలు వేసి చూసిండ్రు. తగాదా ఎక్కడంటే, ఆ పలుకు కాశయ్యకు అతికినట్టు ఆ లెక్చరరమ్మకు ఎందుకు అతకలేదని. 1998ల 'గణేష్' వచ్చింది. విలన్ మంత్రి. మళ్లీ కోట, మళ్లీ అదే పలుకు. నడుమ 13 ఏండ్లు గడిచినయి. సీసా అదే, సారా అదే.

ఇగ తెలంగాణ శకుంతల. ఆమె మహారాష్ట్రల పుట్టింది. మన భాష బాగ మాట్లాడుతదని పేరు ముందు తెలంగాణ తగిలిచ్చిండ్రు. గోదావరి జిల్లాల మాట మాట్లాడిన నటులు వందమంది ఉన్నరు, ఎవ్వరి పేరు ముందన్న గోదావరి తగిలిందా? సొంత ఇంటి మాటకు ఎవరూ పేరు పెట్టరు. పరాయి మాటకే బిళ్ల కడుతరు. మన రాజధాని నడిబొడ్డున కూసొని మన మాటకే బిళ్ల కట్టిండ్రన్నది అప్పటి మన కడుపుమంట.

'ఒక్కడు' 2003ల వచ్చింది. మాకు నచ్చిన సినిమా, ఇప్పటికీ టీవీల వస్తే రిమోట్ పక్కకు పెడుతం. అందుల హీరో పాతబస్తీ పోరడు, కబడ్డీ ఆటగాడు. చార్మినార్ కాడ షూటింగ్ కష్టమని ఊరి బయట గోపనపల్లిల చార్మినార్‌నే మళ్ల కట్టిండ్రు. మినార్లు కట్టిండ్రు, గల్లీలు కట్టిండ్రు. అంత ఖర్చు పెట్టినోళ్లకు ఆ గల్లీ పోరని నోట్లె గల్లీ మాట పెట్టుడు మాత్రం యాదికి రాలేదు. చార్మినార్ నీడల పెరిగిన పిల్లగాడు బెజవాడ కాలేజీల చదివినట్టు మాట్లాడుతడు. అదే గుణశేఖర్ 2015ల 'రుద్రమదేవి' తీసిండు. అందుల గోన గన్నారెడ్డిగా అల్లు అర్జున్ తెలంగాణల మాట్లాడుతుంటే హాలు ఊగిపోయింది. అదే దర్శకుడు, నడుమ 12 ఏండ్లు. ఆ 12 ఏండ్ల నడుమ 2014 జూన్ 2 ఉన్నది. కాని ఇక్కడ కూడ ఒక మెలిక చూడుండ్రి. బందిపోటుకు మన మాట, ఓరుగల్లు గద్దె మీది రాణికి గ్రాంథికం. కాకతీయుల కోటలనే మన మాటకు దర్బారుల జాగ దొరకలేదు.

మన మాట వాళ్లకు వినపడలేదు అనుకుందామా? వినపడక ఎట్లుంటది! మద్రాసు నుంచి పరిశ్రమ కదిలి వచ్చినప్పుడు ఈ గుట్టలు, బండలే జాగ ఇచ్చినయి. 1976ల బంజారాహిల్స్‌ల అన్నపూర్ణ స్టూడియో, తర్వాత జూబ్లీహిల్స్‌ల పద్మాలయ, 1989ల ఫిల్మ్‌నగర్‌ల రామానాయుడు స్టూడియో. మీద గుట్టల మీద బంగళాలు, కింద కృష్ణానగర్‌ల ఇరుకు అర్రలు. పొద్దుగాల్నే అడ్డ మీద నిలబడి యూనిట్ బస్సు కోసం చూసే జూనియర్ ఆర్టిస్టులు, లైట్లు మోసెటోళ్లు, సెట్టుకు మేకులు కొట్టెటోళ్లు, కార్లు నడిపెటోళ్లు. అన్ని జిల్లాలోళ్లు ఉన్నరు అందుల. రాజమండ్రి నుంచి వచ్చినోని ఆకలీ, పాలమూరు నుంచి వచ్చినోని ఆకలీ ఒక్కటే. కాని పొద్దంత ఆ సెట్ల మీద పని మాట సగం మనదే. లైటు ఆరినంక వినపడే మాట లైటు వెలిగినంక వినపడకపోవుడే మా ప్రశ్న.

మనోళ్లు ముందు నుంచి లేరా అంటే ఉన్నరు. కరీంనగర్ పైడి జైరాజ్ హిందీల హీరో అయి 1980 ఫాల్కే అవార్డు అందుకున్నడు. నల్లగొండ కాంతారావు కత్తి పట్టి జానపద సినిమాలను ఏండ్లకేండ్లు మోసిండు. డాక్టర్ ప్రభాకర్‌రెడ్డి సినిమా కార్మికుల ఇండ్ల కోసం కొట్లాడిండు, మణికొండ దిక్కు చిత్రపురి కాలనీకి ఆయన పేరే పెట్టుకున్నరు. సినారె, సుద్దాల అశోక్‌తేజ, చంద్రబోస్ పాటలు రాసిండ్రు. చంద్రబోస్ రాసిన ఆర్.ఆర్.ఆర్. పాటకు 2023ల ఆస్కార్ కూడ వచ్చింది. మనుషులకు జాగ దొరికింది. మాట గేటు బయట చెప్పుల కాడ విడిచి లోపలికి పోవాల్సి వచ్చింది, అంతే తేడా.

ఒక పిట్టకథ. సినిమా వ్యాపారంల మన రాష్ట్రానికి ఇప్పటికీ పేరు 'నైజాం'. నైజాం హక్కులు, నైజాం షేర్, నైజాం రికార్డు. 1948 సెప్టెంబర్ 17న లొంగిపోయిన నిజాం, ఫిల్మ్‌నగర్ లెక్కల పుస్తకంల మాత్రం ఇంక ఏలుతనే ఉన్నడు. ఆ ఖాతాల వచ్చే పైసలు ఎక్కువ, అది అందరికీ తెలుసు. టికెట్ కాడ మన పైసలకు యాస లేదు గద!

ఇక్కడి మాటతో సినిమా తీస్తే ఆడదన్నోళ్లకు బి. నర్సింగరావు ఎప్పుడో జవాబు చెప్పిండు. ఆయన నిర్మించి, గౌతంఘోష్ తీసిన 'మా భూమి'ల తెలంగాణ రైతు తెలంగాణల మాట్లాడిండు. బెంగాల్ నుంచి వచ్చిన దర్శకునికి వినపడ్డ మాట పక్కింటోళ్లకు వినపడలేదు, చూసిండ్రా? 1988 నాటి 'దాసి' ఇంక గట్టిది. గడీల దాసి కమలాక్షి నోరు విప్పేది తక్కువ. నడుమ వంచి పని చేస్తనే ఉంటది. దొర కోరిక తీర్చాలె, దొర బిడ్డను మాత్రం కనొద్దు. అర్చన కండ్లనే చూసుకుంట కూసున్నం మేము, టీ చల్లారిపోయింది. ఐదు జాతీయ అవార్డులు వచ్చినయి. ఉద్యోగం చేసే మన అక్కచెల్లెండ్లు, యూనివర్సిటీ పిల్లలు ఒక్కసారన్న చూడాలె. గడీ అంటే ఏందో పుస్తకం వంద పేజీలల్ల చెప్పేది ఆ అరుగు మీద కమలాక్షి చీపురు పట్టుకొని నిలబడ్డ తీరు చెప్తది.

ఉద్యమం నడిచిన ఏండ్ల సంగతి జెర్రంత. 2011ల ఎన్. శంకర్ 'జై బోలో తెలంగాణ' తీస్తే హాళ్లల్ల జనం లేచి నిలబడ్డరు. సినిమాగా చూస్తే అక్కడక్కడ ఉపన్యాసమే. ఆ కాలానికి అదే కావాల్సి వచ్చింది. 2012ల 'కెమెరామెన్ గంగతో రాంబాబు' మీద లొల్లి లేచింది, సీన్లు కోసిండ్రు. ఇయ్యాల చల్లగ ఆలోచిస్తే కత్తెరతోని దక్కింది పెద్దగ లేదు. మంచి సినిమాతోని దక్కిందే నిలబడ్డది.

అది 2016 నుంచి కనపడ్డది. ప్రియదర్శి అనే ఒక్క నటుని నడక చూస్తే చాలు. 'పెళ్లిచూపులు'ల ఆయన హీరో దోస్తు. మాట మనదే, కాని నవ్వించేటందుకు. 2019ల 'మల్లేశం'ల హీరో. ఆలేరు దిక్కు పద్మశాలి పిల్లగాడు, ఆసు పోసి పోసి తల్లి రెక్కలు పడిపోతుంటే చూడలేక యంత్రం కనిపెట్టిన చింతకింది మల్లేశం కథ. ఒక్క చీరెకు 9,000 సార్లు చెయ్యి అటూ ఇటూ ఆడాలె. పోచంపల్లి చీరె కట్టుకున్నోళ్లకు ఎంతమందికి తెలుసు ఈ లెక్క? ఆ తల్లిగా ఝాన్సీ భుజం పట్టుకొని కూసునే సీను మా ఇంట్ల ఎవరితోనూ మాట్లాడనీయలేదు.

నడుమ 2017ల 'ఫిదా'. బాన్సువాడ భానుమతి. కోపం మన మాటల, అలక మన మాటల, ప్రేమ కూడ మన మాటల్నే! అప్పటిదాక తెలుగు తెర మీద ప్రేమకు ఒక్కటే భాష అనుకున్నోళ్లకు శేఖర్ కమ్ముల కిటికీ తెరిచిండు. సాయిపల్లవి నీలగిరి కొండల పిల్ల. నేర్చుకొని, తన గొంతుతోనే డబ్బింగ్ చెప్పుకున్నది. మనసుంటే నేర్వరాని భాష కాదని తేలిపోయింది.

ఇగ 'బలగం'. 2023 మార్చిల వచ్చింది. సిరిసిల్ల బిడ్డ వేణు తీసిండు. ముసలాయన చచ్చిపోతడు, కాకి ముద్ద ముట్టది. మూడొద్దులు, ఐదొద్దులు, పదకొండొద్దులు. కథంతా ఇంతే. ఒక నల్లిబొక్క కాడ మొదలైన పంచాయితీ ఇరవై ఏండ్లు తోబుట్టువులను ఎడబాపింది. బయటోళ్లకు ఇది నవ్వులాట. మన ఊరు తెలిసినోనికి తెలుసు, అది బొక్క పంచాయితీ కాదు, మర్యాద పంచాయితీ. అల్లునికి పెట్టాల్సిన చోట పెట్టకపోవుడు. చివర బుడగజంగాల దంపతులు మొగిలయ్య, కొమురమ్మ పాడుతుంటే ఊరూరా తెరలు కట్టుకొని చూసిన జనం ఎక్కెక్కి ఏడ్చిండ్రు. అన్నదమ్ములు మళ్లీ కలిసిన వార్తలు పేపర్లల్ల వచ్చినయి. మొగిలయ్య 2024 డిసెంబర్‌ల పోయిండు. పాట రాసిన కాసర్ల శ్యామ్‌కు జాతీయ అవార్డు వచ్చింది. ఏ హీరో లేకుండ, ఏ ఫైటు లేకుండ మన చావు ఇల్లు ఇంత మందిని కూసొబెట్టింది.

అదే నెలల 'దసరా' వచ్చింది. సింగరేణి ఊరు, బొగ్గు దుమ్ము, సిల్క్ బార్. బారు లోపలికి ఎవరు పోవాలె, ఎవరు పోవొద్దు అన్న కులం సంగతి ధైర్యంగనే చూపెట్టిండు కొత్త దర్శకుడు శ్రీకాంత్ ఓదెల. దానికి శాబాష్. కాని ఊరు ఊరంతా సీసాల మునిగి ఉన్నట్టు తీసుడు మాకు మింగుడు పడలేదు. ఇది ఒక్క సినిమా జబ్బు కాదు. విలన్ పోయిండు, తాగుబోతు వచ్చిండు. మాట హీరో నోట్లెకు వచ్చింది గని చేతిల గ్లాసు తప్పనిసరి అయింది. 2025 జనవరిల నిజామాబాద్ సభల దిల్ రాజు కల్లు, మటన్ అని అన్న మాటకు దుమారం లేస్తే క్షమాపణ చెప్పిండు. ఆయన మన జిల్లాలోడే, 'బలగం' వాళ్ల ఇంటి నుంచి వచ్చిందే. అయిన మనిషి నోటి నుంచే అది అలవోకగ వచ్చిందంటే, తెర మీది బొమ్మ మన మీదికే ఎంత పాకిందో ఆలోచించుకోవాలె. కల్లు తాగుతం, దావత్ చేసుకుంటం, సిగ్గేం లేదు. అదొక్కటే చేస్తమా?

2023ల బాలకృష్ణ 'భగవంత్ కేసరి'ల తెలంగాణ మాట్లాడిండు, దానికే జాతీయ ఉత్తమ తెలుగు చిత్రం అవార్డు దక్కింది. మంచిదే. మన మాటకు ఇప్పుడు మార్కెట్ ఉన్నదన్న మాట. మార్కెట్ ఉన్న సరుకును తయారుచేసెటోళ్లు మస్తుమంది వస్తరు. మాటకు నాలుగు బూతులు కలిపి, 'గిట్ల గట్ల' అని రెండుసార్లు అనిపిస్తే తెలంగాణ సినిమా అయిపోదు. 2025 జూన్‌ల గద్దర్ పేరు మీద రాష్ట్ర ప్రభుత్వం సినిమా అవార్డులు ఇచ్చింది. 'ఒరేయ్ రిక్షా' పాటకు వచ్చిన నందిని వద్దన్న మనిషి పేరు మీద ఇప్పుడు అవార్డు! ఆ పేరు పెట్టినంక బాధ్యత కూడ ఎక్కువే. చిన్న సినిమాకు పండుగ పూట థియేటర్ దొరికేటట్టు చేస్తే ఆ పేరుకు న్యాయం.

మేము చూడాలనుకున్న సినిమాలు ఇంక మిగిలే ఉన్నయి. 1969ల కాలేజీలు విడిచి రోడ్డెక్కిన పిల్లల కథ మంచిగ తీసింది మేము చూడలేదు. పాలమూరు వలస బస్సు, నిజామాబాద్ బీడీల చాట, సిరిసిల్ల మరమగ్గం, శంషాబాద్‌ల గల్ఫ్ నుంచి దిగే పెట్టె కోసం రాత్రంతా కాచుకొని కూసున్న ఇంటోళ్లు. రాసెటోళ్లు మన ఊర్లల్ల ఉన్నరు. కృష్ణానగర్ అర్రలల్ల కథల ఫైళ్లు చంకల పెట్టుకొని తిరుగుతనే ఉన్నరు.