మా ఆపాకు జిన్ను పట్టలేదు

2012లో మూడో కాన్పయ్యాక మా ఆపా గోడవైపు తిరిగి పడుకుంది. ఛట్టీ అయింది, పదిహేను రోజులు దాటాయి. నిద్ర లేదు, తిండి లేదు. బిడ్డ ఏడుస్తుంటే ఎవరి బిడ్డో అన్నట్టు చూసేది. ఒకరోజు అమ్మీతో "నేను పోతే వీళ్లకు మంచి అమ్మ దొరుకుతది" అంది. అత్తగారు తేల్చేసింది: సాయా పడింది. మగ్రిబ్ వేళ చింతచెట్టు కిందికి పోయింది కదా!

ఆమిల్ సాబ్ వచ్చాడు. కాగితం మీద ఫలీతా రాసి, కాల్చి, ఆ పొగ ఆపా ముక్కు కింద పెట్టాడు. ఆమె దగ్గి దగ్గి కక్కుకుంటే జిన్ను బయటికొస్తోందన్నాడు. పసిగుడ్డు అదే గదిలో ఉంది. ఐదొందలు తీసుకుపోయాడు. అవి ఆపా బీడీలు చుట్టిన డబ్బులు.

ఇవన్నీ బయట రాస్తే మనోళ్ల పరువు పోతుందని నాకు చెప్పినవాళ్లున్నారు. ఆపా ప్రాణం పోయినా ఫర్వాలేదన్నమాట.

తల్లి పాదాల దగ్గరే జన్నత్ అని వాజు చెప్పే పెద్దలారా, మర్యమ్ సూరా ఇంకోసారి తెరవండి. ఖర్జూర చెట్టు మొదట్లో, ఒంటరిగా, నొప్పులు పడుతూ, ఇంతకు ముందే చచ్చిపోయుంటే బాగుండేదనుకుంది మర్యమ్. అంతటి మర్యమ్! ఆమెకు ఆసేబ్ పట్టిందని అక్కడెవరూ అనలేదు. దుఃఖపడొద్దన్న మాట వినిపించింది. కాళ్ల దగ్గర నీళ్లు పారాయి, ఖర్జూరాలు రాలాయి. మా ఆపాకు మీరిచ్చింది పొగ. నిఫాస్‌లో నమాజు మాఫీ, పాలిచ్చే తల్లికి రోజా తర్వాత ఉండే వీలు. దీన్ ఇచ్చిన ఈపాటి సడలింపు ఇల్లు ఇవ్వదు. ఛిల్లా అంటే 40 రోజుల విశ్రాంతి అంటారు. ఆపా ఇరవయ్యో రోజుకే బీడీల చాట ముందేసుకుంది.

సెక్యులర్ మిత్రులారా, మీరప్పుడే తలూపకండి. ఆపాను నేను పెద్దాసుపత్రికి తీసుకుపోయాను. బిడ్డను తూచారు, టీకా వేశారు. ఆపాకు రక్తం తక్కువని బిళ్లలిచ్చారు. బుర్ఖా చూసి సిస్టరమ్మ ఒక్కటే అడిగింది: "మీవాళ్లకు ఇంకెంతమంది కావాలి? ఆపరేషన్ ఎందుకు చేయించుకోలే?" నిద్ర పడుతోందా అని అడగలేదు. ఆమిల్‌కు జిన్ను కనబడింది, ఆమెకు జనాభా కనబడింది. మా ఆపా ఇద్దరికీ కనబడలేదు.

మా ఆడవాళ్లనగానే మీకు గుర్తొచ్చేవి రెండే: తలాఖ్, బుర్ఖా. వాటి మీద సభలు పెడతారు, మమ్మల్ని ఉద్ధరిస్తారు. బాలింత దుఃఖం మీద ఏ సభా చూడలేదు నేను. బహుశా అది మీ ఇళ్లలోనూ ఉంది కాబట్టి. మీరు గాలి సోకిందంటారు, దిష్టి అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పేద దేశాల్లో గర్భిణుల్లో వందకు దాదాపు 16 మందికి, కాన్పయిన వాళ్లలో దాదాపు 20 మందికి మానసిక అనారోగ్యం వస్తుంది. ఎక్కువగా డిప్రెషనే. గోవాలో జరిగి 2002లో అచ్చయిన అధ్యయనం దీనికి తోడయ్యేవాటిని చెప్పింది: పేదరికం, భర్తతో సఖ్యత లేకపోవడం, పుట్టింది ఆడపిల్ల కావడం. ఇందులో ఏది ముస్లిం, ఏది హిందూ?

ఇప్పుడొక పేరు చెప్తాను, ఉలిక్కిపడకండి. పాకిస్తాన్. రావల్పిండి పల్లెల్లో డిప్రెషన్‌తో ఉన్న గర్భిణుల ఇళ్లకు అక్కడి ఆరోగ్య కార్యకర్తలు, మన ఆశా వర్కర్లలాంటి మామూలు ఆడవాళ్లు, శిక్షణ తీసుకుని వెళ్లారు. కూచుని మాట్లాడారు, ఇంటివాళ్లనూ కలుపుకున్నారు. 2008లో లాన్సెట్ పత్రికలో ఫలితాలొచ్చాయి. బిడ్డకు ఆరో నెల వచ్చేసరికి ఆ తల్లుల్లో 23 శాతం మందికే డిప్రెషన్ మిగిలింది. ఆ శిక్షణ లేని కార్యకర్తలు వెళ్లిన ఇళ్లలో 53 శాతం. మన దగ్గర ఆస్పత్రి కాన్పయితే ఆశా వర్కరు 42 రోజుల్లో ఆరుసార్లు ఇంటికి రావాలి. బిడ్డ జ్వరం చూస్తుంది, బరువు చూస్తుంది. తల్లి మనసు తెలుసుకోడానికి ఎడిన్‌బరో ప్రశ్నలు 1987 నుంచీ ఉన్నాయి. పదే పది. చచ్చిపోవాలనో, ఒంటికి హాని చేసుకోవాలనో అనిపించిందా అన్నది అందులో ఒకటి. ఆమెకు వాటిని నేర్పండి, ఆ పనికి జీతమివ్వండి. ఉర్దూలో అడగగలిగేవాళ్లను మా బస్తీలకు పంపండి. జుమ్మా ఖుత్బాలో ఇది జబ్బని ఇమామ్ సాబ్ ఒక్కసారి చెప్పనీ.

ఆపాను చివరికి మానసిక డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. "ఎర్రగడ్డ కేసా?" అని దుల్హేభాయ్ తగువు పడ్డాడు. బిడ్డకు పాలిస్తూనే వాడొచ్చని చెప్పి డాక్టరు మందు రాశాడు. రెండో నెలలో ఆపా బిడ్డకు తనే నూనె రాసి స్నానం పోసింది.

ఆపా పెద్దకూతురికి ఇప్పుడు ఏడో నెల. ఛిల్లా మా ఇంట్లోనే అని చెప్పేశాను. వాళ్ల అత్తగారు ముందే తావీజు కట్టించారు. ఉండనీ. ఆ డాక్టరు నంబరు పిల్ల ఫోన్లో ఎక్కించాను.