దిద్దే ముందు అడుగుదాం

ఈ ఏడాది మన గోడపత్రిక సంపాదక బృందంలో నేనూ చేరాను. సంపాదకత్వం అంటే అక్షరదోషాలు దిద్దడమే అని చాలామంది అనుకుంటారు. నా అభిప్రాయం వేరు. ఏది దిద్దకూడదో తెలుసుకోవడమే ఇందులో కష్టమైన పని.

ఒక ఉదాహరణ చెబుతాను. మొన్న వచ్చిన ఒక వ్యాసంలో "కయ్యకు నీళ్లు పారతా ఉండాయి" అని ఒక అవ్వ మాట ఉంది. "పొలానికి నీళ్లు పారుతున్నాయి" అని మార్చాలని బృందంలో కొందరన్నారు. కానీ పొలం అంటే మొత్తం భూమి. కయ్య అంటే గట్ల మధ్య ఉండే ఒక్క మడి. మాట మారిస్తే అర్థమూ మారిపోతుంది. పైగా కోయంబత్తూరు, మదురై పక్క తరతరాలుగా ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే మనలాంటి వాళ్ల తెలుగు అచ్చులో కనబడేదే తక్కువ. ఆ కాస్తా మనమే తుడిచేస్తే ఎట్లా?

బెంగుళూరు నాగరత్నమ్మగారు తిరువయ్యారులో త్యాగరాజస్వామికి గుడి కట్టించారని మనకందరికీ తెలుసు. ఆమె మంచి సంపాదకురాలు కూడా. తంజావూరు కవయిత్రి ముద్దుపళని రాసిన "రాధికా సాంత్వనము" 1887లో అచ్చయినప్పుడు కొన్ని పద్యాలు, కవయిత్రి తన వంశం చెప్పుకున్న అవతారిక తీసేశారు. నాగరత్నమ్మగారు రాతప్రతి సంపాదించి, అచ్చుప్రతితో పోల్చి, తీసేసినవి మళ్లీ చేర్చి 1910లో ప్రచురించారు. ప్రభుత్వం నిషేధించింది. అయినా ముద్దుపళని మాట ముద్దుపళనిదిగానే ఈరోజు మన చేతికి వచ్చిందంటే అది ఆమె చలవే.

తెలుగు ఇంట పుట్టిన కి. రాజనారాయణన్ కోవిల్‌పట్టి పక్క కరిసల్ నేల తమిళ మాటలకు నిఘంటువు కూర్చారు. భద్రిరాజు కృష్ణమూర్తిగారు ఆంధ్రదేశపు రైతుల మాటలు సేకరించి 1962లో వృత్తి పదకోశం తెచ్చారు. మన అవ్వల మాటలకు అంత పుస్తకం లేకపోయినా, ఈ గోడ మీద చోటైనా ఉండాలి కదా!

అట్లాగని తప్పులన్నీ యాస పేరుతో వదిలేయమనడం లేదు. వత్తు తప్పయినా, సంవత్సరం తప్పయినా, ఊరి పేరు తప్పయినా దిద్దాల్సిందే. మంచి పరిశోధన పత్రికల్లో వ్యాసాన్ని ఆ విషయం తెలిసినవాళ్లకు పంపి అభిప్రాయం అడుగుతారు. మార్పులు రచయితకు చూపించి, ఆ తర్వాతే అచ్చు వేస్తారు. మనమూ అదే చేద్దాం. అనుమానం వచ్చిన మాట కింద పెన్సిల్‌తో గీత గీసి, రాసిన అమ్మాయిని అడుగుదాం. ఆమెకూ తెలియకపోతే ఇంట్లో అవ్వను అడిగి రమ్మందాం. ఇంటిమాటను అట్లే ఉంచి, కింద అర్థం రాద్దాం. మొదటి రాతప్రతిని పారేయకుండా డిపార్ట్‌మెంట్ బీరువాలో దాచుదాం.

మేడమ్‌లు, అక్కలు ఏమంటారో రాసివ్వండి. మిమ్మల్ని అడగకుండా ఒక్క అక్షరం దిద్దం!