తడ గాలిమరల కార్మికులు

ఇప్పుడు మన తిరుపతి జిల్లాలో ఉన్న తడలో రీజెన్ పవర్‌టెక్ కంపెనీ 1.5 మెగావాట్ల గాలిమరలు తయారుచేసేది. వాటికి గేర్‌బాక్సు ఉండదు, జనరేటరే ప్రాణం. దాని గాడుల్లో రాగి చుట్టలను ఇన్సులేషన్ పొర చిరగకుండా కూర్చే చేతిపని అంత తేలిగ్గా పట్టుబడదు.

2017 ఫిబ్రవరి పవన విద్యుత్ వేలంలో యూనిట్ ధర 3.46 రూపాయలకు పడింది, డిసెంబరుకు 2.43కు. దేశమంతటా గాలిమరల ఆర్డర్లు ఎండిపోయాయి. 2019 జులైలో మన రాష్ట్ర ప్రభుత్వం పాత విద్యుత్ కొనుగోలు ఒప్పందాలనూ తిరగదోడింది. ఆ డిసెంబరులో కంపెనీ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. బ్యాంకుల బాకీలకు ట్రిబ్యునల్ ఉంది. పనిపోయిన కుర్రాళ్ల గోడు ఎవరు వింటారు? చౌక కరెంటు కావాల్సిందే, కానీ ఆ చౌకదనం వాళ్ల జీతాల్లోంచి రావడం అన్యాయం. వేలం నిబంధనల్లోనే కార్మికుల పరిహారం రాయాలని ఈ సంచిక అడుగుతోంది.